కాటా సాఫ్ట్‌వేర్ ఫ్రేమ్‌వర్క్‌కు రెండో బ్రౌజర్ రన్‌టైమ్ కలపాలంటే

ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీ టీమ్ రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక చిన్న డెస్క్‌టాప్ ఫ్రేమ్‌వర్క్ (యాప్‌లు కట్టే పునాది కోడ్) నడుపుతోంది. తెర మీద కనిపించేదంతా హెచ్‌టీఎంఎల్. లోపల దాన్ని గీసే బ్రౌజర్ ఇంజిన్ విండోస్‌లో వెబ్‌వ్యూ2, లినక్స్‌లో వెబ్‌కిట్ జీటీకే. దాని మీద కట్టిన కాటా సాఫ్ట్‌వేర్ గాజువాక, ఆటోనగర్ వైపు వేబ్రిడ్జిల్లో పనిచేస్తోంది. ఉబుంటు (ఒక రకం లినక్స్) అప్‌డేట్ అయ్యాక కొన్ని మెషీన్లలో తెల్ల తెర తప్ప ఏమీ రావడం లేదు. అందుకని క్రోమ్ వెనకున్న క్రోమియం ఇంజిన్‌ను యాప్‌లో ఇమిడ్చే క్రోమియం ఎంబెడెడ్ ఫ్రేమ్‌వర్క్‌ను, అంటే సీఈఎఫ్‌ను, ప్రయోగాత్మక రన్‌టైమ్‌గా (ఇంజిన్‌ను నడిపే పొరగా) కలపాలనుకుంటున్నారు. ఒక ట్రెయిట్ (ఏ ఫంక్షన్లుండాలో చెప్పే రస్ట్ ఇంటర్‌ఫేస్) రాసి దానికి రెండు ఇంప్లిమెంటేషన్లు పెడితే సరిపోతుందా అని అడిగారు.

సరిపోదండీ. ట్రెయిట్ రాయడం ఇందులో తేలికైన భాగం. మధురవాడలో మేమూ ఇలాంటి పనే చేస్తాం కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. ఒకే ఇంజిన్ మీద చాలాకాలం నడిచిన ఫ్రేమ్‌వర్క్‌లో, ఆ ఇంజిన్ అలవాట్లన్నీ తెలియకుండానే ఫ్రేమ్‌వర్క్ ఇచ్చిన హామీలైపోతాయి. ఏ స్క్రిప్టు ముందు నడుస్తుంది, పేజీ ఒరిజిన్ (బ్రౌజర్ దృష్టిలో ఆ పేజీ ఏ చిరునామాది అన్నది) ఏమిటి, విండో మూస్తే ఏ వరసలో ఏం ఆగుతుంది, ఇవేవీ మీ డాక్యుమెంటేషన్‌లో ఉండవు. కానీ యాప్ రాసినవాళ్లు వాటినే నమ్ముకుని ఉంటారు. కాబట్టి సీఈఎఫ్ కోడ్ ఒక్క లైను కూడా రాయకముందు, ఇప్పుడున్న వెబ్‌కిట్ రన్‌టైమ్ ఏమేం ఇస్తోందో పరీక్షలుగా రాసుకోండి. ఆ పరీక్షలే అసలు ఇంటర్‌ఫేస్. ట్రెయిట్‌లో ఫంక్షన్ల పేర్లు మాత్రమే ఉంటాయి.

ముందు ఇంజిన్ ఎంపిక. ఇలాంటి పని బయట ఎలా జరిగిందో చూడాలంటే టౌరీ అనే రస్ట్ డెస్క్‌టాప్ ఫ్రేమ్‌వర్క్ మంచి ఉదాహరణ. అక్కడ రన్‌టైమ్ ట్రెయిట్లు ఒక క్రేట్‌లో (రస్ట్ ప్యాకేజీలో), సిస్టమ్ వెబ్‌వ్యూను వాడే రై లైబ్రరీ మీద కట్టిన ఇంప్లిమెంటేషన్ ఇంకో క్రేట్‌లో ఉంటాయి. యాప్ హ్యాండిల్, విండో వంటి టైపులన్నీ రన్‌టైమ్‌ను జెనెరిక్ పారామీటర్‌గా, అంటే ఏ రన్‌టైమో తర్వాత నింపుకునేలా, తీసుకుంటాయి. ఆ విడదీత ముందే ఉంది కాబట్టే 2025లో సర్వో అనే బ్రౌజర్ ఇంజిన్ మీద నడిచే వెర్సోను ప్రయోగాత్మక రన్‌టైమ్‌గా బయటినుంచి తగిలించగలిగారు. మీ కోడ్‌లో కూడా ప్లగిన్లు రాసేవాళ్లు ఇప్పటినుంచే జెనెరిక్‌గా రాసేలా చూడండి. వెబ్‌కిట్ టైపు పేరు నేరుగా వాడిన ప్రతి ప్లగిన్‌నూ తర్వాత ఎవరో ఒకరు కూర్చుని మార్చాల్సి వస్తుంది.

సర్వో అంటే నాకు చాలా ఇష్టం. 2012లో మొజిల్లా పరిశోధనగా మొదలైంది. 2020లో మొజిల్లా ఆ టీమ్‌ను తీసేశాక లినక్స్ ఫౌండేషన్ కిందికి వచ్చింది. 2023 నుంచి ఇగాలియా కంపెనీ ఇంజనీర్ల చేతుల్లో మళ్లీ ఊపందుకుంది. రస్ట్ ఫ్రేమ్‌వర్క్‌కు రస్ట్ ఇంజిన్ దొరకడం అందమైన సంగతే. కానీ లారీ కాటా మీద నిలబడి, వెనక పది లారీలు హారన్ కొడుతుంటే చీటీ ప్రింట్ కావాల్సిన చోటికి ఈరోజు నేను సీఈఎఫ్‌నే చెబుతాను. 2008 నుంచి ఉంది, పెద్ద పెద్ద అప్లికేషన్లలో నలిగింది, దాని చికాకులన్నీ ముందే తెలిసినవి.

ఇంకో మాట. దీన్ని లినక్స్‌కే పరిమితం చేయండి. విండోస్‌లో ఎవర్‌గ్రీన్ వెబ్‌వ్యూ2 తనంతట తాను అప్‌డేట్ అవుతుంది, అక్కడ మీకు సమస్య కూడా లేదు. లేని రోగానికి మందు పెట్టకండి.

ఇప్పుడు అసలు తలనొప్పులు. మొదటిది ప్రాసెసులు. వెబ్‌కిట్ కూడా అనేక ప్రాసెసులు నడుపుతుంది. కానీ వాటికి దాని సొంత బైనరీలున్నాయి (నడిచే ప్రోగ్రామ్ ఫైళ్లు), మీ యాప్‌కు వాటితో పని లేదు. సీఈఎఫ్ మామూలు అమరికలో మీ బైనరీనే మళ్లీ మళ్లీ నడుపుతుంది. రెండరర్ (పేజీని నడిపి గీసేది), జీపీయూ, యుటిలిటీ ప్రాసెసుల కోసం మీ మెయిన్ ఫంక్షన్ మొదటినుంచి మొదలవుతుంది. అందుకే సీఈఎఫ్‌లో ఎగ్జిక్యూట్ ప్రాసెస్ అనే ఫంక్షన్‌ను మెయిన్‌లో అన్నిటికంటే ముందు పిలవాలి. అది మైనస్ 1 ఇస్తే మీరు ముఖ్య ప్రాసెస్‌లో ఉన్నట్టు, ముందుకు వెళ్లొచ్చు. వేరే అంకె ఇస్తే అదే ఎగ్జిట్ కోడ్‌తో అక్కడే ఆగిపోవాలి.

మీ కాటా యాప్‌లో మెయిన్ మొదలవగానే ఏం జరుగుతుందో ఊహించగలను. కాన్ఫిగరేషన్ చదవడం, లాగ్ ఫైల్ తెరవడం, తూకం ఇండికేటర్ కోసం సీరియల్ పోర్టు తెరవడం. ఎగ్జిక్యూట్ ప్రాసెస్ పిలుపు వీటి తర్వాత వచ్చిందనుకోండి. పోర్టును ఎక్స్‌క్లూజివ్‌గా తెరిచి ఉంటే రెండో ప్రాసెస్‌కు 'పోర్టు బిజీ' అని ఎర్రర్ వస్తుంది. అది నయం, వెంటనే తెలుస్తుంది. ఎక్స్‌క్లూజివ్ కాకపోతే రెండు ప్రాసెసులూ అదే పోర్టు చదువుతాయి. కొన్ని బైట్లు ఒకదానికి, కొన్ని ఇంకోదానికి వెళ్లి బరువు అంకెలు మధ్యలో తెగిపోతాయి. తూకం తప్పు పడితే అది డ్రైవర్ డబ్బు, కాటా యజమాని పరువు. దీనికి నేను సూచించే మార్గం, సబ్‌ప్రాసెస్‌లకు వేరే చిన్న బైనరీ కట్టి, దాని దారిని సీఈఎఫ్ సెట్టింగుల్లో ఇవ్వడం. ఆ బైనరీలో సీరియల్ పోర్టు కోడే ఉండదు కాబట్టి ఈ గొడవ వేళ్లతో సహా పోతుంది.

రెండోది ఈవెంట్ లూప్, అంటే క్లిక్కులు, టైమర్ల వంటివాటిని ఒక్కొక్కటిగా అందుకుంటూ తిరిగే చక్రం. వెబ్‌కిట్, విండోలు గీసే జీటీకే లైబ్రరీ లూప్‌లోనే బతుకుతుంది కాబట్టి మీకు ఇంతవరకూ ఆ ఆలోచన అవసరం పడలేదు. సీఈఎఫ్‌కు సొంత లూప్ కావాలి. దానికే లూప్ అప్పగించేయవచ్చు. విండోస్, లినక్స్‌లలో వేరే థ్రెడ్‌లో నడిపించవచ్చు. లేదా ఎక్స్‌టర్నల్ పంప్ పెట్టి, మీ లూప్ నుంచే దాని పని చేయించవచ్చు. మీ ఫ్రేమ్‌వర్క్‌కు ఈ చివరిదే నప్పుతుంది. ఇందులో సీఈఎఫ్ 'ఇన్ని మిల్లీసెకన్ల తర్వాత నన్ను పిలువు' అని కబురు పెడుతుంది. ఆ కబురు ఏ థ్రెడ్ నుంచైనా రావచ్చు, పని మాత్రం మెయిన్ థ్రెడ్‌లోనే చేయాలి. కొత్త కబురు వస్తే పాత టైమర్‌ను రద్దు చేయాలి. ఇదంతా ఎందుకని లూప్ తిరిగిన ప్రతిసారీ పని ఫంక్షన్‌ను పిలిచేవాళ్లున్నారు. పని జరుగుతుంది, ప్రాసెసర్ మాత్రం ఊరికే తిరుగుతూ ఉంటుంది. ఏసీ లేని కాటా గదిలో, విశాఖ ఉక్కపోతలో, దుమ్ము పట్టిన పాత మెషీన్ మీద ఆ భారం నాలుగు రోజుల్లో బయటపడుతుంది.

విండో ఇమిడ్చే సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. లినక్స్‌లో సీఈఎఫ్‌ను మీ జీటీకే విండోలో చైల్డ్‌గా పెట్టాలంటే అది లినక్స్ పాత తెర వ్యవస్థ అయిన ఎక్స్11 విండో ఐడీ అడుగుతుంది. ఉబుంటు 21.04 నుంచి డిఫాల్ట్ సెషన్ కొత్త తెర వ్యవస్థ వేలాండ్. కాబట్టి ప్రయోగాత్మక రన్‌టైమ్ ఎంచుకున్నప్పుడు జీటీకేను ఎక్స్11 బ్యాకెండ్‌తో మొదలుపెట్టాలి, అది కూడా మొదటి విండో పుట్టకముందే. ఈ నిర్ణయం రన్‌టైమ్ క్రేట్ లోపలే జరగాలి, యాప్ రాసేవాళ్ల మీద వేయకండి.

మూడోది ఒరిజిన్. మీ దగ్గర డేటా పోయే ప్రమాదం ఉన్నది ఇక్కడే. లోపలి ఫైళ్లను సొంత స్కీమ్ (హెచ్‌టీటీపీ లాంటి చిరునామా ముందుభాగం) మీద అందిస్తున్నారు కదా. సీఈఎఫ్‌లో సొంత స్కీమ్‌ను ప్రతి ప్రాసెస్‌లోనూ ఒకే రకంగా నమోదు చేయాలి. సబ్‌ప్రాసెస్ బైనరీ వేరుగా కట్టినప్పుడు చాలామంది మరిచిపోయేది ఇదే. స్టాండర్డ్, సెక్యూర్, కోర్స్ (వేరే ఒరిజిన్ల మధ్య అనుమతి), ఫెచ్ ఫ్లాగులు విడివిడిగా ఇవ్వాలి. స్టాండర్డ్ ఫ్లాగ్ లేకపోతే పేజీకి సరైన ఒరిజిన్ ఉండదు, లోకల్ స్టోరేజ్ (పేజీ తన డేటా దాచుకునే బ్రౌజర్ నిల్వ) పనిచేయదు.

ఇవన్నీ సరిగ్గా చేసినా, వెబ్‌కిట్ కింద దాచిన లోకల్ స్టోరేజ్, ఇండెక్స్డ్‌డీబీ (ఇంకో బ్రౌజర్ నిల్వ) డేటా సీఈఎఫ్‌కు కనిపించదు. రెండింటి నిల్వ పద్ధతి వేరు, ఫోల్డర్ వేరు. నెట్ లేనప్పుడు చేసిన తూకాలను పేజీ ఇండెక్స్డ్‌డీబీలో దాచి తర్వాత సర్వర్‌కు పంపుతున్నట్టయితే, రన్‌టైమ్ మార్చిన రోజు ఆ పంపని తూకాలు మాయమైనట్టే కనిపిస్తాయి. వెనక్కి మారిస్తే మళ్లీ వస్తాయి, ఈలోగా చేసినవి కనిపించకుండా పోతాయి. ఆపరేటర్ పరిస్థితి ఆలోచించండి. అందుకని సీఈఎఫ్ సంగతి ఎలా ఉన్నా, ముందు పంపాల్సిన తూకాలన్నిటినీ రస్ట్ వైపు ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లోకి మార్చండి. బ్రౌజర్ నిల్వలో పోయినా ఫర్వాలేని వాటినే ఉంచండి. రెండు రన్‌టైమ్‌లకూ ప్రొఫైల్ ఫోల్డర్లు వేరుగా పెట్టండి.

ఇక జావాస్క్రిప్టుకూ రస్ట్‌కూ మధ్య వంతెన. పేజీ స్క్రిప్టుల కంటే ముందు మీ ఇనిషియలైజేషన్ స్క్రిప్టు నడవాలి. సీఈఎఫ్‌లో దాన్ని రెండరర్ ప్రాసెస్‌లో, పేజీ జావాస్క్రిప్టు కాంటెక్స్ట్ పుట్టినప్పుడు పెడతారు. అది ప్రతి ఫ్రేమ్‌కూ జరుగుతుంది, ఐఫ్రేమ్‌లతో (పేజీలో ఇమిడ్చిన ఇతర పేజీలతో) సహా. వెబ్‌కిట్‌లో మీరు మెయిన్ ఫ్రేమ్‌కే పరిమితం చేసి ఉంటే ఇక్కడ కూడా చేయాలి, లేకపోతే బయటి మ్యాప్ ఐఫ్రేమ్‌కు కూడా మీ సీరియల్ పోర్టు కమాండ్లు అందుతాయి. అయితే రెండరర్‌లో పెట్టిన తనిఖీని నమ్ముకోకండి. రెండరర్ అంటేనే దాడికి గురికావచ్చని అనుకుని విడదీసిన ప్రాసెస్. సందేశం ముఖ్య ప్రాసెస్‌కు చేరాక, ఏ ఫ్రేమ్ నుంచి, ఏ ఒరిజిన్ నుంచి వచ్చిందో అక్కడ మళ్లీ చూసి అప్పుడే కమాండ్ నడపాలి.

తెలుగు వాడే యాప్ కాబట్టి ఇంకోటి. సీఈఎఫ్ స్ట్రింగులు మామూలుగా యూటీఎఫ్-16, రస్ట్‌వి యూటీఎఫ్-8, ఇవి అక్షరాలను నిల్వచేసే రెండు పద్ధతులు. తెలుగు బ్లాకులోని ప్రతి కోడ్ పాయింట్ (యూనికోడ్ గుర్తు) యూటీఎఫ్-8లో 3 బైట్లు, యూటీఎఫ్-16లో ఒకే యూనిట్. పొడవును ఒకవైపు లెక్కపెట్టి ఇంకోవైపు వాడితే ఇంగ్లీషు పేర్లతో అన్ని పరీక్షలూ పాసవుతాయి, 'శ్రీకాకుళం' అని కొట్టగానే చివర తెగిపోతుంది. సాఫ్ట్‌వేర్, హార్డ్‌వేర్ వంటి మాటల్లో కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు ఒత్తుగా కలవకుండా ఆపే గుర్తు) ఉంటుంది. మధ్యలో ఎవరైనా 'పిచ్చి క్యారెక్టర్లు' తీసేసే ఫంక్షన్ పెడితే అది ఎగిరిపోయి ఒత్తు రూపం మారిపోతుంది. కాబట్టి వంతెన పరీక్షల్లో తెలుగు తప్పకుండా ఉండాలి. స్త్రీ, లక్ష్మి, ర్యాలి, విశాఖపట్నం ఇటునుంచి అటు, అటునుంచి ఇటు వెళ్లి బైటు బైటు సరిపోవాలి.

అక్షరాలు గీయడం గురించి అంత భయం అక్కర్లేదు. వెబ్‌కిట్ జీటీకే, క్రోమియం రెండూ అక్షరాలు కూర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీ వాడతాయి కాబట్టి ఒత్తులు, గుణింతాలు ఒకేలా కూర్చుంటాయి. తేడా వచ్చేది ఫాంట్ ఎంపికలో. సీఎస్‌ఎస్‌లో తెలుగు ఫాంట్ పేరు చెప్పకపోతే, ఏది దొరికితే అది తీసుకునే తీరు రెండింటికీ ఒకటి కాకపోవచ్చు. ఒకటి పోతన 2000 ఎంచుకుని ఇంకోటి నోటో తెలుగు ఎంచుకుంటే వెడల్పు మారి, కాటా చీటీలో సరుకు పేరు రెండో లైనుకు జారుతుంది, కింద సంతకం గడి రెండో కాగితం మీద పడుతుంది. ఒక ఫాంట్‌ను యాప్‌తోనే ఇచ్చి, దాని పేరే సీఎస్‌ఎస్‌లో రాయండి. టైపింగ్ విషయంలో, మామూలు విండో మోడ్‌లో ఐబస్ (లినక్స్‌లో తెలుగు వంటి భాషల టైపింగ్ సాధనం) ఇబ్బంది పెట్టదు. ఆఫ్‌స్క్రీన్ రెండరింగ్ (పేజీని విండోలో కాక మెమరీలో గీయడం) ఎంచుకుంటే మాత్రం ఐఎంఈ (టైపింగ్ సాధనం) కూర్పు మొత్తం మీరే రాసుకోవాలి. మీకు ఆ మోడ్ అవసరమే లేదు, అటు వెళ్లకండి.

ప్రింటింగ్. లినక్స్‌లో సీఈఎఫ్ మీకు సిద్ధంగా ప్రింట్ డైలాగ్ ఇవ్వదు. ప్రింట్ హ్యాండ్లర్ అనే ఇంటర్‌ఫేస్ ఇచ్చి మిమ్మల్నే రాసుకోమంటుంది. చీటీ కోసమే బతికే యాప్‌కు ఇది చిన్న పని కాదు. నా సలహా, పేజీని పీడీఎఫ్‌గా తీసి రస్ట్ వైపునుంచి లినక్స్ ప్రింటింగ్ వ్యవస్థ అయిన కప్స్‌కు పంపండి. పీడీఎఫ్ తీయడం సీఈఎఫ్‌లో ఉంది, వెబ్‌కిట్ వైపు కూడా ప్రింట్ ఆపరేషన్‌తో ఫైలుకు రాయించవచ్చు. అప్పుడు రెండు రన్‌టైమ్‌ల చీటీలనూ పక్కపక్కన పెట్టి పోల్చే పరీక్ష కూడా సులువవుతుంది.

కెమెరా ఉందా? లారీ నంబరు కనిపించేలా చాలా కాటాల్లో పెడుతున్నారు. ఫీడ్‌ను హెచ్.264 వీడియోగా పేజీలో చూపిస్తుంటే ఒకసారి ఆగండి. వెబ్‌కిట్ వీడియోలకు జీస్ట్రీమర్ అనే మీడియా లైబ్రరీ వాడుతుంది కాబట్టి ప్లగిన్లు ఉంటే ఆ వీడియో ఆడుతుంది. సీఈఎఫ్ రెడీమేడ్ బిల్డుల్లో హెచ్.264, ఏఏసీ కోడెక్‌లు (ఆ రకం వీడియో, ఆడియో విప్పే కోడ్) ఉండవు. కావాలంటే మొత్తం క్రోమియంను మీరే ఆ ఆప్షన్లతో కట్టుకోవాలి, పేటెంట్ లైసెన్సుల సంగతి కూడా చూసుకోవాలి. చిన్న టీమ్ చేయగల పని కాదు. వరసగా జేపీఈజీ బొమ్మలు చూపిస్తే రెండింటిలోనూ నడుస్తుంది, నంబరు ప్లేటు చూడటానికి అది చాలు.

ఉబుంటు 24.04లో ఇన్‌స్టాల్ చేసినప్పుడు శాండ్‌బాక్స్ (రెండరర్‌ను కట్టడిలో ఉంచే రక్షణ) ఎర్రర్ వచ్చే అవకాశం ఎక్కువ. శాండ్‌బాక్స్‌కు కావాల్సిన యూజర్ నేమ్‌స్పేస్‌లు మామూలు యూజర్లు సృష్టించడాన్ని అక్కడ యాప్‌ఆర్మర్ అనే భద్రతా వ్యవస్థ కట్టడి చేస్తుంది. ఇంటర్నెట్‌లో వెతికితే 'నో శాండ్‌బాక్స్' ఫ్లాగ్ పెట్టేయమని చెప్తారు. దయచేసి పెట్టకండి. ఒకసారి షిప్ చేశాక దాన్ని తీసేవాళ్లు ఉండరు. మీ డెబ్ ప్యాకేజీతో (ఉబుంటు ఇన్‌స్టాల్ ఫైలుతో) పాటు యాప్‌ఆర్మర్ ప్రొఫైల్ ఇవ్వండి, లేదా శాండ్‌బాక్స్ హెల్పర్‌ను రూట్ ఓనర్‌షిప్‌తో సెట్‌యూఐడీగా (ఎవరు నడిపినా రూట్ హక్కులతో మొదలయ్యేలా) ఇన్‌స్టాల్ చేయండి.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది సెక్యూరిటీ ప్యాచ్‌ల బాధ్యత. ఇప్పుడు వెబ్‌కిట్‌లో రంధ్రం పడితే ఉబుంటు అప్‌డేట్ ఇస్తుంది. సీఈఎఫ్‌ను యాప్‌తో కలిపి ఇచ్చిన రోజునుంచి ఆ పని మీది. క్రోమియం 2021లో 4 వారాలకో పెద్ద వెర్షన్ ఇవ్వడం మొదలుపెట్టింది, మధ్యలో అత్యవసర ప్యాచ్‌లు వేరే. 2023 సెప్టెంబర్‌లో వెబ్‌పీ బొమ్మలు చదివే లైబ్రరీలో లోపం బయటపడ్డప్పుడు, క్రోమ్ వాడేవాళ్లకు అప్‌డేట్ దానంతట అదే వచ్చింది. ఇంజిన్‌ను తమ యాప్‌తో కట్టి ఇచ్చినవాళ్లు మాత్రం ఎవరికివాళ్లు కొత్త బిల్డు కట్టి పంపాల్సి వచ్చింది. ఒక్క సీఈఎఫ్ లైబ్రరీ ఫైలే 100 ఎంబీ దాటుతుంది. డాంగిల్ మీద నడిచే కాటా గదికి దాన్ని నెలనెలా ఎలా చేరుస్తారు? సీఈఎఫ్‌ను యాప్ ప్యాకేజీలో కాకుండా వేరే డెబ్‌గా పెట్టి, మీ సర్వర్‌నుంచి రాత్రిపూట దిగేలా చేయడం ఒక దారి. ఏ దారైనా సరే, ఈ అప్‌డేట్ల పని ఫలానా మనిషిది అని పేరు రాసుకోకముందు మెయిన్ బ్రాంచిలో కలపొద్దు. ఆ పేరు ఖాళీగా ఉంటే ప్రయోగాన్ని మీ ఆఫీసు దాటనివ్వకండి.

ప్రయోగాత్మకం అన్న ముద్ర కోడ్‌లోనే కనిపించాలి. వేరే క్రేట్, వేరే వెర్షన్ నంబరు, డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉండే ఫీచర్. యాప్ మొదలవగానే ఏ రన్‌టైమ్, ఏ ఇంజిన్ వెర్షన్ అన్నది లాగ్‌లో మొదటి లైనుగా పడాలి, లేకపోతే సపోర్టు ఫోన్లో మాట్లాడేవాళ్లకు టెన్షన్ తప్పదు. సీఈఎఫ్ మొదలవకపోతే చప్పుడు చేయకుండా వెబ్‌కిట్‌కు మారిపోయే ఏర్పాటు పెట్టకండి. ఆపరేటర్‌కు తెలిసేలా చెప్పి, తనే ఒక మెనూలోంచి మార్చుకునేలా పెట్టండి. ముద్ర ఎప్పుడు తీయాలంటే, అవే పరీక్షలు రెండు రన్‌టైమ్‌ల మీదా పాసై, వరసగా రెండు క్రోమియం వెర్షన్లు మారినా ఫ్రేమ్‌వర్క్ కోర్‌లో మార్పు అవసరం పడనప్పుడు. ప్రతి వెర్షన్‌కూ కోర్‌ను తాకాల్సి వస్తుంటే మీ సరిహద్దు తప్పు చోట గీసినట్టు.

చివరగా, ఇదంతా మొదలుపెట్టకముందు ఆ తెల్ల తెరను ఒకసారి పట్టి చూడండి. వెబ్‌కిట్ జీటీకే 2.42 నుంచి డీఎంఏ బఫ్ రెండరర్ (గీసిన పేజీని గ్రాఫిక్స్ మెమరీ ద్వారా తెరకు చేర్చే పద్ధతి) వచ్చింది. ఎన్‌విడియా సొంత డ్రైవర్లున్న మెషీన్లలో దానివల్ల ఖాళీ తెర రావడం చాలామందికి ఎదురైంది. ఆ రెండరర్‌ను ఆపే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ వెబ్‌కిట్‌లోనే ఉంది. దాన్ని సెట్ చేసి ఆ కాటా మెషీన్‌లోనే యాప్ తెరవండి. తెర వస్తే మీ లాంచర్ స్క్రిప్టులో ఒక్క లైను చేర్చి ఈ వారం గట్టెక్కవచ్చు, సీఈఎఫ్ పని తొందర లేకుండా చేసుకోవచ్చు. రాకపోతే ఆ మెషీన్ గ్రాఫిక్స్ కార్డు, డ్రైవర్ వెర్షన్, వెబ్‌కిట్ ప్యాకేజీ వెర్షన్, సెషన్ వేలాండా ఎక్స్11ఆ అన్నది ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.